పంతొమ్మిది ఖాళీ వరుసలు

గంజాం జిల్లా కొడలలో నేను వాతావరణ పరిశీలకుడిగా పనిచేసిన రోజుల్లో, మా ఆవరణలో గాలి దిక్కు చూపే ఇనుప బాణం చీకటి పడితే ఆడమనిషిలా ఏడుస్తోందని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భయపడ్డారు. నేను నిచ్చెన వేసుకుని ఎక్కి, దాని బేరింగుకు నూనె పెట్టి దిగాను. ఏడుపు ఆగింది. ఆ రోజు పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యం రాశాను. దయ్యాల విషయంలో నా జ్ఞానం ఆ నూనె డబ్బా దగ్గరే ఆగిపోయింది. అంతకు మించి తెలుసుకోవలసింది ఉందని నేను ఏనాడూ అనుకోలేదు.

కాబట్టి ఇప్పుడు రాయబోయేది చదివి, ముసలాయనకు మతి చలించిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ముందే చెబుతున్నాను. ప్రతి రోజుదీ ఆ రోజే రాసి పెట్టుకున్నాను. నోటు పుస్తకం నా దగ్గరే ఉంది.

మా ఉద్యోగంలో కొన్ని నియమాలు ఉండేవి. కంటితో చూడనిది రాయకూడదు. పెన్సిలు వాడకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొడి అక్షరాలు పెట్టాలి. పదవీ విరమణ తర్వాత బరంపురంలో మా ఇంటి పెరట్లో సొంతంగా ఒక వర్షమాపకం పెట్టుకున్నాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లు గీతలున్న కొలగాజులో పోసి చూసి, రిజిస్టరులో రాసేవాడిని. వాన పడని రోజున ‘లేదు’ అని రాయాలి. ఖాళీ వదలకూడదు. పన్నెండేళ్లు ఒక్క వరుస కూడా ఖాళీ లేదు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో నా కుడికంటిలో రెటీనా పొర ఊడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయాలనీ, తర్వాత చాలా రోజులు బోర్లా పడుకునే ఉండాలనీ అన్నారు. నా భార్య సుభద్ర, తెలుగు బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, తన చీరలు కూడా నా సంచిలోనే సర్దుకుంది.

“నువ్వొచ్చేస్తే వాన ఎవరు కొలుస్తారు?” అన్నాను.

ఆమె కాసేపు నా ముఖం చూసి, చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టేసింది. నా వెంట మా తమ్ముడు వచ్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రిజిస్టరులో వేరొకరి చేతిరాత పడడం నాకు గిట్టదు. అది ఆమెకు తెలుసు. బడిలో పాఠాలు తయారుచేయడానికి కొనుక్కున్న లాప్‌టాప్ ఒకటి ఆమెకుండేది. బయలుదేరే ముందు దాన్ని చూపిస్తూ అంది: “నా రాత మీ పుస్తకానికి పనికిరాదు గదా. నా మాటైనా పనికొస్తాదేమో సూస్తాను.”

పంతొమ్మిది రోజులు ఆమె ఎనిమిదిన్నరకు వాన కొలిచి, ఆ అంకెను లాప్‌టాప్‌లో తన గొంతుతో రికార్డు చేసింది. ఫోనులో అడిగితే చెప్పేది కాదు. బోర్లా పడుకుని లెక్కలు వేస్తారు, వచ్చాక వినండి అనేది. ఇంటికొచ్చాక రెండు నెలలు కన్ను పెట్టి చదవకూడదన్నారు. ఆ తర్వాత, ఏడాది చివర మొత్తం కూడేటప్పుడు ఒకేసారి విని రాస్తానని నేనే వాయిదా వేశాను. ఆమె రెండుసార్లు గుర్తు చేసింది. మూడోసారి చేయలేదు.

ఏడాది చివరికి ఇంకా ఇరవై రోజులుండగా, ఉదయం పూట వంటింట్లో పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మర్నాడు పోయింది.

ఆ పంతొమ్మిది వరుసలూ అలాగే ఖాళీగా ఉండిపోయాయి. పేపర్లలో చూసి ఉజ్జాయింపుగా నింపేయమని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. నేను వాడితో వారం రోజులు మాట్లాడలేదు. రికార్డింగులు వింటే సరిపోయేది. కానీ ఆ పెట్టె తెరిచి, ఆ గొంతు వినే ధైర్యం నాకు లేకపోయింది. రేపు అనుకుంటూ రెండు నెలలు గడిపాను.

ఫాల్గుణంలో లాప్‌టాప్‌ను తుడిచి ఆన్ చేస్తే, హార్డ్ డిస్క్ చెడిపోయే దశలో ఉందని హెచ్చరిక వచ్చింది. లోపల టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది. వెంటనే ఆటోలో పెట్టుకుని బైరాగి దుకాణానికి తీసుకెళ్లాను. బైరాగికి ఏభై దాటాయి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు కంప్యూటర్లు. అతని పనిలో నాకు ఎప్పుడూ లోపం కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

అతను పాత డిస్కులో ఉన్నదంతా కొత్తరకం డిస్కులోకి, ఎస్ఎస్‌డీ అంటారు, మార్చాడు. అందులో తిరిగే పళ్లెం ఉండదు, ముల్లు ఉండదు, చప్పుడు ఉండదు. మార్చడానికి నాలుగు గంటలు పట్టింది. కొన్నిచోట్ల పాత డిస్కు చదవడానికి లొంగలేదనీ, ముఖ్యమైనవి తెరిచి సరిచూసుకోమనీ చెప్పి, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను నా చేతికిచ్చాడు.

నేను తెరమీద జాబితా చూశాను. వాన 1, వాన 2, అలా వాన 19 వరకూ ఉన్నాయి. హెడ్‌ఫోను చెవికి పెట్టుకోలేదు. బల్లమీద పెట్టేశాను. నా చిట్టాలో ‘కాపీ అయినవి, 19, సరి’ అని రాసి సంతకం చేశాను.

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో గానీ, ఆ తర్వాత గానీ, పరిశీలించకుండా రాసిన మొదటి వాక్యం అది.

తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. మా శాఖలో పరికరం మార్చినప్పుడు పాతదాన్ని సాక్షుల ఎదుట పగలగొట్టి, పగలగొట్టినట్టు రాసుకునే అలవాటు. ఒకే చోట రెండు కొలగాజులుంటే రెండు కొలతలు వస్తాయి, ఎవడో ఒకడు రెండోదాంతో కొలిచేస్తాడు. అదే పద్ధతిలో బైరాగిని సుత్తి అడిగాను.

“ఎందుకు సారూ, ఓ మూల పడుంటాది. తిండెట్టాలా ఏటి దానికి?” అన్నాడతను.

నేను వినలేదు. దుకాణం అరుగు మీద పెట్టి, మేకు దించి, నాలుగుచోట్ల పగలగొట్టాను. అతని చేత సాక్షి సంతకం కూడా చేయించాను.

మర్నాడు ఉదయం స్నానం చేసి, రిజిస్టరు తెరిచి, కలంలో సిరా పోసుకుని, ధైర్యం తెచ్చుకుని ‘వాన 1’ తెరిచాను. నిశ్శబ్దం. సున్నా సెకన్లు. రెండోదీ అంతే. పంతొమ్మిదీ అంతే. పేర్లు వచ్చాయి, లోపల ఏమీ రాలేదు.

పాత డిస్కు ముక్కలు మూటగట్టుకుని మళ్లీ బైరాగి దగ్గరకు పోయాను. అతను మూట విప్పి చూసి, మళ్లీ కట్టి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

ఇక ఇక్కడి నుంచి నోటు పుస్తకం చూసి రాస్తున్నాను.

మొదటి రోజు. ఉదయం ఎనిమిదిన్నర. లాప్‌టాప్ సుభద్ర బల్ల మీద తెరిచి ఉంది. తెర ఆగిపోయి, దానంతటదే ఆరి, మళ్లీ వెలిగి, మొదలుపెట్టడానికి డిస్కు కనబడలేదని ఇంగ్లీషులో ఒక వరుస చూపింది. తర్వాత లోపల చప్పుడు. పాత డిస్కు చప్పుడే. గట్టిగా పన్నెండుసార్లు, కాస్త ఆగి మెత్తగా నాలుగుసార్లు. ఆగిపోయింది. బటను నొక్కితే మామూలుగా తెరుచుకుని, సాయంత్రం దాకా బాగానే పనిచేసింది.

రెండో రోజు అదే సమయానికి అదే వరుస, అదే చప్పుడు. గట్టివి మూడు, మెత్తవి ఒకటి. బైరాగి దగ్గరకు తీసుకెళ్లాను. డిస్కు తీసి మళ్లీ బిగించాడు. మెమరీ ముక్కను రబ్బరుతో రుద్ది పెట్టాడు. లోపలి గడియారం బ్యాటరీ మార్చాడు. మూడో రోజు మళ్లీ వచ్చింది. గట్టివి ఇరవై ఆరు, మెత్తవి ఎనిమిది. ఆ సాయంత్రం కొత్త డిస్కును కూడా తీసి, ఇంకో కొత్తది వేశాడు. నాలుగో రోజు ఆ రెండో డిస్కుతోనూ వచ్చింది.

ఐదో రోజు ఎనిమిదిన్నరకు డిస్కు కనబడలేదన్న వరుస మాత్రం వచ్చింది. చప్పుడు లేదు. పది నిమిషాలు చూశాను. నోటు పుస్తకంలో చప్పుడు అన్న గడిలో ‘లేదు’ అని రాశాను.

రాసి, కలం ఎత్తకుండా ఉండిపోయాను. ఆ మాట నేను పన్నెండేళ్లుగా ఏ గడిలో రాస్తున్నానో నాకు అప్పుడు తోచింది. గట్టివి మిల్లీమీటర్లు, మెత్తవి దశాంశాలు. నాకు నా మీదే విపరీతమైన కోపం వచ్చింది. దుఃఖంలో ఉన్నవాడు గోడమీది మరకలో కూడా ముఖం చూస్తాడని ఎందరికో చెప్పిన మనిషిని. నోటు పుస్తకం మూసేసి బయటికి పోయాను. కానీ మర్నాడు ఎనిమిది ఇరవైకే వచ్చి కూర్చున్నాను.

ఆరో రోజు లెక్కపెడుతుండగా సందులోంచి ఆటో పోయింది. మెత్తవి ఆరు అనుకున్నాను, కానీ పక్కన ‘సందేహం’ అని రాశాను.

ఏడో రోజు లోపలి ఫ్యాను తీసేయించాను. చప్పుడు మారలేదు. ఎనిమిదో రోజు ఇంటర్నెట్ ఆపాను. మారలేదు. తొమ్మిదో రోజు బైరాగి తనే దుకాణం తెరవకుండా మా ఇంటికి వచ్చాడు. వెనక మూత విప్పి, డిస్కు పూర్తిగా బయటికి తీసి, నా రిజిస్టరు మీద పెట్టాడు. డిస్కు లేనప్పుడు కనబడలేదని రావడంలో వింత లేదు; అది నేను లెక్కలోకి తీసుకోను. ఎనిమిదిన్నర అయింది. ఖాళీ గూడులోంచి చప్పుడు మొదలైంది. గట్టివి అతను లెక్కపెట్టాడు, మెత్తవి నేను. ఏభై ఎనిమిది, రెండు.

అది కొడుతున్నంతసేపూ అతను ఆ ఖాళీ గూట్లో వేలు పెట్టుకునే ఉన్నాడు. అయ్యాక వేలు తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“దీన్లో తిరిగేదేదీ లేదు సారూ. అసలు డిస్కే లేదు,” అన్నాడు. డిస్కును గూట్లో పెడుతూ మళ్లీ అన్నాడు: “ఇది రిపేరు కాదు. నా సేతిలో లేదు. మీరు రాసుకోండి, అంతే.”

అతనికి సుభద్ర రికార్డింగుల సంగతి తెలుసు. అంకెల సంగతి నేను చెప్పలేదు. అతనూ అడగలేదు.

పదకొండో రోజు లాప్‌టాప్ గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి పెట్టాను. చప్పుడు గోడ గడియారం ప్రకారం వచ్చింది, లాప్‌టాప్ గడియారం ప్రకారం కాదు. ఆ రోజుల్లో బయట ఒక్క చుక్క వాన పడలేదు. అది రిజిస్టరులో ఉంది. పన్నెండు, పదమూడు రోజుల్లో చప్పుడు లేదు. పధ్నాలుగు నుంచి మళ్లీ ఉంది.

ఈ మధ్యలో ఒకసారి జిల్లా కేంద్రం ఛత్రపూర్ వెళ్లి, సుభద్ర కొలిచిన ఆ పంతొమ్మిది రోజుల ప్రభుత్వ వర్షపాత పట్టిక నకలు తెచ్చుకున్నాను. వాన లేని రోజులు సరిపోయాయి. మిగిలినవి దగ్గర దగ్గరగా ఉన్నాయి. కానీ అది వేరే చోట పెట్టిన మాపకం. మా పెరట్లో ఎంత పడిందో అది చెప్పదు. కాబట్టి దాన్ని నేను రుజువుగా ఒప్పుకోలేదు.

పంతొమ్మిదో రోజు గట్టివి ఏడు, మెత్తవి తొమ్మిది. తర్వాత బటను నొక్కే అవసరం లేకుండా లాప్‌టాప్ దానంతటదే తెరుచుకుంది. నేను గబగబా ‘వాన 1’ నుంచి అన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. హెడ్‌ఫోను చెవులకు గట్టిగా అదుముకుని, మధ్యాహ్నం దాకా విన్నాను. సున్నా సెకన్లు. అన్నీ సున్నా సెకన్లే. అంకెలు వచ్చాయి గానీ ఆమె గొంతు రాలేదు. ఇరవయ్యో రోజు నుంచి ఆ లోపం మళ్లీ కనిపించలేదు. ఈ వ్యాసం ఆ లాప్‌టాప్ మీదే రాస్తున్నాను.

రిజిస్టరు వరుసల్లో నేనేమీ రాయలేదు. పెట్టె కొట్టిన చప్పుళ్లను వానగా రాసే అధికారం నాకెవరిచ్చారు?

నాలుగు రోజుల తర్వాత పోలమ్మ వచ్చింది. గోపాల్‌పూర్ దగ్గరి తెలుగు పల్లెనుంచి చేపల బుట్టతో మా వీధికి పాతికేళ్లుగా వస్తోంది. సుభద్రకు స్నేహితురాలు. నేను పెరట్లో కొలగాజు తుడుచుకుంటుంటే బుట్ట దించుకుని గుమ్మంలో కూర్చుంది.

“మూడు వారాలుగా సేప తీసుకోలేదు. ఆ పెట్టెనే కూరొండుకుంటన్నారా ఏటి బాబూ?” అంది.

ఆమె నా చేతిలోని గాజు వైపు చూస్తూ, టీచరమ్మ కూడా మీరు లేనప్పుడు ఇలాగే కళ్లకాడికి ఎత్తి చూసేదనీ, చూసి పెట్టెతో మాట్లాడేదనీ, తర్వాత వంటింట్లోకెళ్లి కేలండరు మీద రాసేదనీ మామూలుగా చెప్పుకుపోయింది.

గాజును జాగ్రత్తగా గట్టు మీద పెట్టాను. ఏ కేలండరు అని అడిగాను.

దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని మా వైపు పారేయరు. పెద్దకర్మ అయ్యాక ఇల్లు సర్దుతున్నప్పుడు, పాత కేలండరులో రథయాత్ర నెల కాగితం మీద జగన్నాథుడి బొమ్మ బాగుందని పోలమ్మ అడిగితే, చూడకుండానే చింపి ఇచ్చాను. మిగిలిన నెలలు ఎటు పోయాయో నాకు తెలియదు.

ఆ పూటే ఆమెతో పాటు ఆటో ఎక్కాను. రిజిస్టరు, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. దారి పొడుగునా, ఆమె తేదీల భాగం కత్తిరించేసి ఉంటుందేమోనని అడగబోయి మానుకున్నాను.

ఆమె ఇల్లు ఒకటే గది. సముద్రం వైపు గోడకు ఆ కాగితం మేకులతో కొట్టి ఉంది. జగన్నాథుడి బొమ్మ మాత్రమే కనిపిస్తోంది. పోలమ్మ కింది మేకులు రెండూ పీకి, వెనక్కి మడిచిన సగాన్ని విప్పింది.

“కోసీడానికి మనసు రాలేదు బాబూ. టీచరమ్మ సేతిరాత గదా,” అంది.

తేదీల గళ్లలో చిన్న చిన్న అంకెలు. సుభద్ర ‘4’ వేసే తీరు, ఆమె దశాంశ బిందువు. నేను నోటు పుస్తకం తెరిచి పక్కన పట్టుకున్నాను. గళ్ల మీద వేలు పెట్టి చూసుకోవడానికి వీలుగా పోలమ్మ పుస్తకాన్ని తనే పట్టుకుంది. పన్నెండు పాయింటు నాలుగు. మూడు పాయింటు ఒకటి. ఇరవై ఆరు పాయింటు ఎనిమిది. ఐదో రోజు గడిలో ‘లేదు’. తొమ్మిదో రోజు గడిలో ఏభై ఎనిమిది పాయింటు రెండు. ఆరో రోజు ఒక్కటే తేడా. నేను మెత్తవి ఆరు అని రాసి ‘సందేహం’ పెట్టిన చోట ఆమె ఐదు వేసింది.

ఆ కాగితం మీద పద్దెనిమిది రోజులే ఉన్నాయి. పంతొమ్మిదోది తర్వాతి నెల ఒకటో తారీఖు. ఆ కాగితం లేదు.

నేను నేలమీద కూర్చుండిపోయాను. ఎంతసేపో రాసుకోలేదు. పోలమ్మ నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. నేను విశాఖపట్నంలో ఉన్న రోజుల్లో టీచరమ్మ ఒక్కర్తే ఉండలేక కొన్ని మధ్యాహ్నాలు తనతో ఇక్కడికి వచ్చి కూర్చునేదని చెప్పింది. వాన కొలవడానికి నేనే ఆపేశానని పోలమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదట. మబ్బు పట్టిందంటే మాత్రం, మాపకం దగ్గరుండాలని లేచి వెళ్లిపోయేదట.

“రాసుకోండి బాబూ. ఆయమ్మ కళ్లతో సూసిందే గదా,” అంది పోలమ్మ చివరికి.

పద్దెనిమిది వరుసలూ ఆ గదిలోనే, ఆ గోడ ముందే, కేలండరు చూసి సిరాతో నింపాను. పరిశీలకుడి పేరు అన్న గడిలో పన్నెండేళ్లుగా నా పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ పద్దెనిమిది గళ్లలో సుభద్ర అని పూర్తిగా రాశాను. ఆమెను చేతిరాతతోనే రాయనిచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు. లేక, ఆమెను నా సంచితో పాటు తీసుకెళ్లి ఉంటే. ఖాళీ వరుసలు ఖాళీగా ఉండేవి, అంతేగా.

నేను చెప్పగలిగింది ఇంతే. ఆ అంకెలు నాకు ముందు తెలియవు. బైరాగికి తెలియవు. కేలండరు మీద రాత ఉందని పోలమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. డిస్కు లేని గూడు ఎలా చప్పుడు చేసిందో, ఆమె కొలిచిన వానను ఎలా లెక్కపెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవారు చెబితే, కారణం సరైనదైతే, ఒప్పుకుంటాను.

పంతొమ్మిదో వరుస మిగిలింది. దానికి కేలండరు లేదు, కంటితో చూసిన రుజువు లేదు. చాలా రోజులు ఆలోచించి, నా రిజిస్టరులో మొదటిసారి పెన్సిలు వాడాను. 7.9 అని వేసి, వివరాల గడిలో ‘విన్నది, చూసింది కాదు’ అని రాశాను. దాని మీద సిరా దిద్దే హక్కు నాకు లేదు. చెరపడానికి నా చేయి ఒప్పడం లేదు. రోజూ ఎనిమిదిన్నరకు ఆ రోజు వాన రాసి, ఆ పేజీ ఒకసారి తిప్పి చూస్తాను. పెన్సిలు గీత కొంచెం మసకబారినట్టు అనిపిస్తే, దాని మీదే మళ్లీ పెన్సిలుతో దిద్దుతాను.